చెరువులను స్కేలుతో కొలిచి కలపకండి

పాయింట్లు ఎక్కువున్న మ్యాపు ఏది తెరిచినా ముందు కనిపించేవి గుండ్రాలే. పచ్చ గుండ్రంలో 7, పసుపు గుండ్రంలో 43, నారింజ గుండ్రంలో 612. నొక్కితే ఒక్కోటి చిట్లి చిన్న గుండ్రాలవుతుంది. ఇంకా నొక్కితే చివరికెప్పుడో అసలు పాయింట్లు బయటపడతాయి. దగ్గరదగ్గరగా ఉన్నవాటిని ఒక్కటిగా చూపించే ఈ పద్ధతిని మా పనిలో క్లస్టరింగ్ అంటాం. ఏటీఎంలైనా, పెట్రోలు బంకులైనా, చెట్లైనా, చెరువులైనా అన్నిటికీ ఇదే వాడేస్తాం. జీఐఎస్ పని, అంటే కంప్యూటర్లో మ్యాపులు తయారుచేసే పని చేసుకుని బతికేవాణ్ణి కాబట్టి నేనూ ఎన్నో మ్యాపుల్లో ఈ గుండ్రాలు పెట్టాను. ఏటీఎంల విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. చెరువుల విషయంలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదని నా అభిప్రాయం. మ్యాపు చెప్పాల్సిన అసలు సంగతినే ఇది చెరిపేస్తుంది.

ముందు లెక్క ఎంత పెద్దదో చూద్దాం. కేంద్ర జలశక్తి శాఖ 2023 ఏప్రిల్‌లో దేశంలోనే మొదటి నీటి వనరుల గణన విడుదల చేసింది. దేశం మొత్తానికి 24,24,540. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 1,90,777, తెలంగాణలో 64,056. మిషన్ కాకతీయ (తెలంగాణలో చెరువులు బాగుచేసిన పథకం) రోజుల నుంచి మనం వింటున్న 46,531 చెరువుల లెక్కకీ ఈ 64,056కీ పొంతన లేదేమిటని కొందరు అడుగుతుంటారు. గణన వాళ్ళు కుంటలు, చెక్‌డ్యాములు, ఊటకుంటలు అన్నీ కలిపి లెక్కేశారు. దేన్ని ఒకటిగా లెక్కపెట్టాలన్న దగ్గరే అంకె మారిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, గుండ్రాలకీ ఇదే వర్తిస్తుంది.

ఇన్ని పాయింట్లను ఎందుకు కలుపుతున్నారని అడిగితే వచ్చే మొదటి జవాబు: "డేటా బరువెక్కువ సార్, ఫోన్లో లోడ్ అవదు." ఈ జవాబును నేను నమ్మను. మీరే లెక్కేయండి. ఒక పాయింటుకు అక్షాంశం 4 బైట్లు, రేఖాంశం 4 బైట్లు చాలు. 64,056ని 8తో గుణిస్తే 5,12,448 బైట్లు. అంటే అర మెగాబైటు. తెలంగాణలో ఉన్న ప్రతి చెరువు, ప్రతి కుంట ఎక్కడుందో చెప్పే సమాచారమంతా పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ బొమ్మంత. మరి ఫోన్లో లోడ్ అవదనే ఆ 30 మెగాబైట్ల ఫైలు ఎక్కణ్ణుంచి వస్తోంది? మనం బద్ధకంగా పంపడం వల్ల వస్తోంది. జియోజేసన్ (మ్యాపు డేటాను అక్షరాల్లో రాసే పద్ధతి) ఫైల్లో ప్రతి చెరువుకూ జిల్లా పేరు, మండలం పేరు, ఆయకట్టు, నిర్మించిన సంవత్సరం, ఎవరి ఆధీనంలో ఉంది అన్నీ మళ్ళీ మళ్ళీ అక్షరాల్లో రాసి పంపుతాం. చుక్క పెట్టడానికి అవేవీ అక్కర్లేదు. చెరువును నొక్కినప్పుడు తెప్పించుకుంటే సరిపోతుంది.

ఇంకో విడ్డూరం దశాంశ స్థానాలు. డేటాబేసు నుంచి నేరుగా తీస్తే 17.482915038471562 లాంటి అంకె వస్తుంది. దశాంశం తర్వాత అయిదో స్థానం అంటే నేలమీద సుమారు ఒక మీటరు. పదిహేనో స్థానం అంటే ఒక పరమాణువు వెడల్పు. చెరువు మధ్యబిందువును పరమాణువంత కచ్చితంగా ఎవరికి చెప్పాలి? వాన పడితే చెరువే రెండొందల మీటర్లు జరుగుతుంది. అయిదు స్థానాలకు కోసేయండి, సర్వర్లో కంప్రెషన్ ఆన్ చేయండి, తెరమీద కనిపిస్తున్న ప్రాంతం వరకే పంపండి. ఈ మూడూ చేశాక కూడా ఫోను మొరాయిస్తే అప్పుడు కలపడం గురించి మాట్లాడదాం. నేను చూసిన చాలా ప్రాజెక్టుల్లో ఈ మూడూ చేయకుండానే క్లస్టరింగ్‌కు దిగారు. దానికీ కారణముంది. గుండ్రాలు డెమోలో బాగుంటాయి, దశాంశాలు కోసిన సంగతి డెమోలో ఎవరికీ కనిపించదు.

నిజంగా బరువుండేది పాయింట్లలో కాదు, చెరువుల హద్దు గీతల్లో. ఓ మోస్తరు చెరువు చుట్టూ గీత గీస్తే వందల మూలలొస్తాయి. వాటిని తగ్గించడానికి పాత, మంచి పద్ధతులే ఉన్నాయి. 1973లో వచ్చిన డగ్లస్-పాయ్‌కర్ పద్ధతి ఫలానా దూరంలోపు వంకరలను సాపు చేస్తుంది. 1993లో మహేశ్వరి విశ్వలింగం, వ్యాట్ ఇచ్చిన పద్ధతి పక్కపక్క మూడు మూలలతో ఏర్పడే త్రిభుజాల్లో అతి చిన్నదాన్ని ముందు తీసేస్తుంది. రెండూ బాగా పనిచేస్తాయి. కానీ మన చెరువుకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకవైపు కట్ట, మనిషి వేసిన గీత కాబట్టి నున్నగా ఉంటుంది. మిగతా మూడువైపులా నేల ఎత్తుపల్లాలను బట్టి హద్దు వంకరలు పోతుంది. ఆ వంకరల్లో సన్నగా లోపలికి చొచ్చుకొచ్చేవి వాగులు చెరువులో కలిసే చోట్లు. సాపు చేసే పద్ధతి మొట్టమొదట మింగేది వాటినే. పై చెరువు నుంచి నీళ్ళొచ్చే దారి మ్యాపులోంచి అలా మాయమవుతుంది.

చట్టం సంగతి ఇంకా గట్టిది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్, అంటే కట్టడాలు రాకూడని జాగా. ఇప్పుడు ఎవరో ఫైలు తేలికవుతుందని 30 మీటర్ల టాలరెన్స్‌తో, అంటే 30 మీటర్లలోపు వంకరలు పోయేలా, గీతను సాపు చేశారనుకోండి. బఫర్ మొత్తం ఆ సాపులోనే పోవచ్చు. హైదరాబాదులో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళుండే హద్దు) గీత అటూ ఇటూ జరిగితే ఇళ్ళు నిలబడాలా కూలాలా అన్న మాట వస్తుంది. అందుకే సాపు చేసిన గీత తెరమీద చూడటానికే ఉండాలి. అసలు గీత ఎక్కడో ఒకచోట చెక్కుచెదరకుండా ఉండాలి, తెరమీది గీతను కొలతకు వాడొద్దని మ్యాపు మీదే రాసి ఉండాలి. రెండోది చేసేవాళ్ళు చాలా తక్కువ.

సరే, బరువు సంగతి పక్కన పెడదాం. రెండో కారణం కన్ను. 64,056 చుక్కలు ఆరంగుళాల తెరమీద పెడితే తెలంగాణ మొత్తం ఒక నీలం మచ్చ. ఇది నిజమైన ఇబ్బంది. ఇక్కడ ఏదో ఒకటి కలపక తప్పదు. నా గొడవంతా దేన్ని దేనితో కలపాలన్న దాని గురించే.

వెబ్‌లో మ్యాపులు చూపించే లీఫ్‌లెట్ సాఫ్ట్‌వేర్‌తో పాటు అందరూ వాడే మార్కర్ క్లస్టర్ ప్లగిన్ (ఈ గుండ్రాలు గీసే అదనపు పనిముట్టు) తనంతట తానుగా 80 పిక్సెళ్ళ వ్యాసార్థం తీసుకుంటుంది. పిక్సెళ్ళ భాషలో 80 చిన్నదే. నేలమీదికి మార్చి చూడండి. జూమ్ 9 దగ్గర, మన అక్షాంశంలో, ఒక పిక్సెల్ అంటే 290 మీటర్ల పైచిలుకు. అంటే 80 పిక్సెళ్ళు 23 కిలోమీటర్లు. ఇప్పుడు హైదరాబాదుకు పడమర చూడండి. పటాన్‌చెరు దగ్గరి చెరువుల నీళ్ళు నక్కవాగు పట్టుకుని మంజీరలో కలుస్తాయి. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటాన్‌చెరుకు ఇరవై కిలోమీటర్లు కూడా లేని గండిపేట నీళ్ళు మూసీవి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒక చుక్క అంతర్వేది దగ్గర సముద్రంలోకి పోతుంది, ఇంకో చుక్క హంసలదీవి దగ్గర. ప్లగిన్‌కు ఇవేవీ పట్టవు. రెండిటినీ ఒకే పసుపు గుండ్రంలో వేసి లోపల ఒక అంకె రాస్తుంది.

ఆ గుండ్రం ఎక్కడ కూర్చుంటుందన్నది మరో తమాషా. పాయింట్ల సగటు స్థానంలో కూర్చుంటుంది. అక్కడ చెరువు ఉండాలని ఏమీ లేదు. గుట్టమీద కూర్చోవచ్చు, ఔటర్ రింగ్ రోడ్డు మీద కూర్చోవచ్చు. పైగా ఈ పద్ధతుల్లో చాలావరకు ముందు వచ్చిన పాయింటు చుట్టూ మిగతావాటిని పోగేస్తాయి. ఫైల్లో వరుస మారితే గుండ్రాలూ మారతాయి. అదే చెరువులు, అదే జిల్లా, పేర్ల అక్షరక్రమంలో పెడితే ఒక మ్యాపు, వైశాల్యం క్రమంలో పెడితే ఇంకో మ్యాపు. రంగులు సరేసరి. ఆ ప్లగిన్లో పదికి లోపు పచ్చ, వందకు లోపు పసుపు, ఆపైన నారింజ. వానాకాలంలో ఆ మ్యాపు చూసినవాళ్ళు నారింజ గుండ్రాన్ని ప్రమాదం అనుకోవడం నేను స్వయంగా చూశాను. అక్కడ చెరువులు ఎక్కువున్నాయని తప్ప ఆ రంగుకు వేరే అర్థమేదీ లేదు.

ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయనకు వరంగల్ వైపు చెరువుల మ్యాపు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని ఫోను దగ్గరికి తెచ్చుకున్నాడు. "గీ 43 ఏంది సారూ?" అన్నాడు. ఆ చుట్టుపక్కల 43 చెరువులు ఉన్నాయని చెప్పాను. "ఉంటయి. గదెవ్వలకు తెల్వదు? మీది చెరువు మత్తడి దుంకితే నీళ్ళు ఏ చెరువులకు వోతయో గది చూపియ్యి" అన్నాడు. మత్తడి అంటే చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటు, అలుగు. నా ప్లగిన్‌లో దానికి బటన్ లేదు.

ఆయన అడిగినదే గొలుసుకట్టు. కాకతీయుల కాలం నుంచి, అంతకుముందు నుంచి కూడా, తెలంగాణలో చెరువు ఒంటరిగా ఉండటం అరుదు. వాగు వాలు వెంట పైన ఒక కుంట, దాని మత్తడి నీళ్ళు పట్టుకునేలా కింద ఒక చెరువు, దాని అలుగు కింద ఇంకోటి. తూము నీళ్ళు ఆయకట్టుకు పారతాయి, పొలాల్లో మిగిలిన నీళ్ళు ఊటై కింది చెరువులోకే దిగుతాయి. కరువొచ్చిన ఏడు పై చెరువులు నిండితే తప్ప కిందివాటికి నీళ్ళు రావు. వరదొచ్చిన ఏడు పై కట్ట తెగితే కింది కట్ట మీద తన వాన నీళ్ళతో పాటు పైనున్న చెరువు మొత్తం వచ్చి పడుతుంది. అది తెగితే దాని కిందిదానిమీద రెండు చెరువులు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించి చూస్తే అక్కడ 788 చెరువులున్నాయి. ఇంచుమించు చదరపు మైలుకొకటి. ఆ వరదలో 221 తెగాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడానికి దారితీసిన లెక్కల్లో ఇదొకటి. ఆ 788 చుక్కలను ఇప్పటి ప్లగిన్‌కు ఇస్తే నాలుగైదు గుండ్రాలు గీస్తుంది. ఏ గుండ్రంలోనూ విశ్వేశ్వరయ్యకు కావలసిన సంగతి ఉండదు. ఏది తెగితే ఏది తెగిందన్నది ఆయనకు కావాలి.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పి వందమందికి పైగా చనిపోయారు. ఎగువ చెరువు తెగి వచ్చిన వరదకు రైలు వంతెన కొట్టుకుపోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకరంతా పోయి రైళ్ళు ఆగిపోయాయి. అక్కడ కూడా పొంగి వచ్చినవి చెరువుల నీళ్ళే. ఇలాంటి రోజున రైల్వే వాడికో, కలెక్టరాఫీసులో కంట్రోల్ రూమ్ వాడికో కావలసిన మ్యాపు ఏది? 43 అని రాసిన గుండ్రమా, లేక ఈ కల్వర్టుకు ఎగువన ఈ వరుసలో ఈ చెరువులున్నాయి, అందులో పై రెండూ నిండాయి అని చెప్పేదా?

గుండ్రాలకు బదులు గళ్ళు వాడితే? జియోహాష్ అని 2008 నుంచి ఒక పద్ధతి ఉంది. భూమినంతా గళ్ళుగా కోసి ప్రతి గడికీ అక్షరాల కోడ్ ఇస్తారు. చివరి అక్షరం తీసేస్తే పెద్ద గడి వస్తుంది. అయిదక్షరాల గడి దాదాపు 5 కిలోమీటర్ల చదరం. డేటాబేసులో ఒక కాలమ్ పెట్టి, కోడ్ మొదటి అయిదక్షరాల ప్రకారం గ్రూప్ చేస్తే పని అయిపోతుంది. చాలా వేగం, ఎవరు ఎప్పుడు చేసినా ఒకే ఫలితం. ఊబర్ వాళ్ళ హెచ్3 షడ్భుజులూ అలాంటివే, ఇంకాస్త అందంగా ఉంటాయి. కానీ గడి గీత చెరువు మధ్యలోంచి పోవచ్చు, మత్తడికీ కింది చెరువుకూ మధ్యలోంచి పోవచ్చు. గీతకు అటూ ఇటూ వంద మీటర్ల దూరంలో ఉన్న రెండు చెరువులు వేర్వేరు గుంపుల్లో పడతాయి. సాంద్రతను బట్టి గుంపులు కట్టే డీబీస్కాన్ గురించి కూడా కొందరు చెబుతారు. పాయింటు నుంచి పాయింటుకు పాకుతూ పోతుంది కాబట్టి గొలుసుకట్టుకు సరిపోతుందనిపిస్తుంది. అయితే తెలంగాణలో చెరువులు ఎంత దట్టంగా ఉంటాయంటే అది మిట్టలు దాటుకుని పక్క వాగుల్లోకి పాకి, చివరికి పాత వరంగల్ జిల్లానంతా ఒకే గుంపు చేసేస్తుంది.

నాకు నచ్చిన దారి వేరే ఉంది. ఒట్టో ఫాఫ్‌స్టెట్టర్ అని బ్రెజిల్ ఇంజినీరు. ఆయన నదీ పరీవాహక ప్రాంతాలకు 1989లో ఒక అంకెల పద్ధతి తయారుచేశాడు. నది ముఖం దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడవండి. నాలుగు పెద్ద ఉపనదులను ఎంచుకోండి. వాటికి వరుసగా 2, 4, 6, 8. వాటి మధ్య అసలు నదిలోకే దిగే ప్రాంతాలకు 1, 3, 5, 7, పైకొసకు 9. మళ్ళీ ప్రతి ముక్కలోనూ ఇదే చేయండి, ఇంకో అంకె చేరుతుంది. ఇందులో రెండు గొప్ప సౌకర్యాలున్నాయి. ఒకటి, జియోహాష్‌లాగే చివరి అంకె తీసేస్తే పెద్ద ముక్క వస్తుంది. 847 నుంచి 84, 84 నుంచి 8. కంప్యూటరుకు శ్రమ అంతే, అదనంగా ఏమీ లేదు. రెండోది నాకు మరీ ఇష్టం. దిగువ ఏదో కోడ్ చూసే చెప్పేయొచ్చు. 845లో కట్ట తెగిందనుకోండి. నీళ్ళు 843 గుండా, 841 గుండా పోతాయి. 842, 844 ఉపవాగులు, వాటికి భయం లేదు. తక్కువ అంకె, అదీ బేసి అంకె అయితే అది దారిలో ఉన్నట్టు. మ్యాపు తెరవకుండా, ఏ లెక్కా వేయకుండా, రెండు కోడ్‌లు పక్కపక్కన పెట్టి తెలుసుకోవచ్చు. పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు.

ఇక గుంపును ఎలా చూపించాలి? సగటు స్థానంలో గుండ్రం వద్దు. ఆ గుంపులో అన్నిటికంటే కింద ఉన్న చెరువు మీద గుర్తు పెట్టండి. నీళ్ళన్నీ చివరికి చేరేది అక్కడికే కాబట్టి ఆ స్థానానికి అర్థముంది. ఇంకాస్త జూమ్ చేశాక చెరువు నుంచి చెరువుకు ఒక గీత గీయండి. తొమ్మిది చెరువుల గొలుసుకు తొమ్మిది మూలల గీత చాలు. తొమ్మిది చెరువుల హద్దులు పంపడం కంటే ఇది ఎన్నో రెట్లు తేలిక. అంటే డేటా తగ్గింది, సమాచారం పెరిగింది. నేను ఈ పద్ధతిని పట్టుకుని వేలాడటానికి ఇదొక కారణం.

గుర్తుతో పాటు ఏ అంకెలు మిగలాలన్నది కూడా ముఖ్యం. ఊరికే ఎన్ని ఉన్నాయో చెబితే ఏం తెలుస్తుంది? 43 కుంటలు వేరు, పాకాల కలిసిన 43 వేరు. పాకాల చెరువొక్కటే దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. అందుకని గుంపుకు మొత్తం వైశాల్యం, అన్నిటికంటే పెద్ద చెరువు పేరు, అన్నిటికంటే ప్రమాదంలో ఉన్న చెరువు స్థితి ఉంచాలి. సగటు మాత్రం వద్దు. 42 చెరువులు సగం నిండి ఒకటి కట్ట మీదికొస్తే సగటు పచ్చగానే ఉంటుంది.

పాత మ్యాపులు గీసినవాళ్ళకు ఈ ఇంగితం బాగా ఉండేది. 1966లో ట్యోప్ఫర్, పిల్లెవిట్సర్ ఒక సూత్రం చెప్పారు: స్కేలు తగ్గించినప్పుడు ఎన్ని మిగలాలన్నది రెండు స్కేళ్ళ నిష్పత్తి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని. 1:50,000 టోపోషీటు (సర్వే మ్యాపు) నుంచి 1:2,50,000కు పోతే నూటికి సుమారు 45 మిగులుతాయి. ఏ 45 అన్నది మాత్రం సూత్రం చెప్పదు. గీసేవాడు కూర్చుని పేరున్నది, పెద్దది, దారి చూపేది ఎంచుకునేవాడు. మిగతావి వదిలేసేవాడు. వదిలేయడం కూడా నిజాయితీ గల పనే. గుండ్రంలో అంకె రాయడం అన్నిటినీ లెక్కలోకి తీసుకున్నట్టు అనిపిస్తుంది గానీ నిజానికి ఒక్కదాన్నీ చూపించదు. వెక్టర్ టైల్స్, అంటే ముక్కలుగా కోసి పంపే మ్యాపు డేటా, తయారుచేసే టిప్పెకానో లాంటి పనిముట్లు టైలు 500 కిలోబైట్లు దాటకూడదని హద్దు పెట్టుకుంటాయి, దాటితే దట్టంగా ఉన్నవాటిని వదిలేయమని చెప్పొచ్చు. ఆ ఆప్షన్ వాడటంలో తప్పేమీ లేదు. కాకపోతే ఏది వదలాలో మనం చెప్పాలి, పనిముట్టు ఇష్టానికి వదిలేయకూడదు.

దూరాన్ని వస్తువుల మధ్య ఉన్న సంబంధం వెంట కొలవడమన్నది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. రోడ్డు ప్రమాదాల బ్లాక్‌స్పాట్‌కు కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన నిర్వచనం చూడండి. జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల నిడివిలో మూడేళ్ళలో మరణాలో తీవ్ర గాయాలో ఉన్న 5 ప్రమాదాలు, లేదా 10 మరణాలు. 500 మీటర్ల గుండ్రం అనలేదు, రోడ్డు వెంట 500 మీటర్లు అన్నారు. ఫ్లైఓవర్ పైన జరిగిన ప్రమాదాన్నీ దాని కింద సర్వీసు రోడ్డులో జరిగినదాన్నీ ఆకాశంలోంచి చూసి కలపకూడదని అర్థం చేసుకున్నవాళ్ళు రాసిన వాక్యమది. చెరువులకు అదే మర్యాద ఎందుకు ఇవ్వం?

ఎందుకు ఇవ్వమంటే కష్టం కాబట్టి. ప్లగిన్ అయితే మూడు లైన్ల కోడ్. ఒక సంస్థవాళ్ళు నాతో మొహమాటం లేకుండా అన్నారు: "మాకు వారంలో మ్యాపు కావాలి, నీళ్ళ శాస్త్రం వద్దు." వాళ్ళ అవసరం చెరువుల జాబితా చూపించడమే అయితే వాళ్ళన్నది సబబే. మత్స్య సహకార సంఘాల లెక్కకో, పూడిక తీసిన చెరువుల ఫోటోలు చూపించడానికో గుండ్రాలు చాలు. దారి వెతికే పని, వరద చూసే పని, ఎవరికి నీళ్ళు దక్కుతాయని తేల్చే పని ఉన్నప్పుడే నా వాదన.

కష్టం ఎక్కడుందో కూడా చెప్పాలి. ఫాఫ్‌స్టెట్టర్ కోడ్‌లతో హైడ్రోబేసిన్స్ అనే ప్రపంచ డేటా ఉచితంగా దొరుకుతుంది. అందులో అతి చిన్న స్థాయి 12. అక్కడ ఒక ముక్క సగటు వైశాల్యం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ వైశాల్యంతో, 64,056తో లెక్కేస్తే ఒక్కో ముక్కలో సగటున డెబ్బైకి పైగా నీటి వనరులు పడతాయి. జిల్లా స్థాయి మ్యాపుకు అది బాగానే సరిపోతుంది. గొలుసు చూడాలంటే ఇంకా లోపలికి పోవాలి, అంటే మనమే తయారుచేసుకోవాలి. నేల ఎత్తుల డేటా నుంచి నీటి దారి లెక్కగట్టే పద్ధతులున్నాయి. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన ఎత్తులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. కానీ అందులో ఒక గడి 30 మీటర్లు, ఎత్తులో పొరపాటు కొన్ని మీటర్లు. మన చెరువు కట్ట ఎత్తే కొన్ని మీటర్లు! చదునైన నేలలో కంప్యూటరు నీళ్ళను కట్ట మీదుగా పోనిచ్చేస్తుంది, లేదా మత్తడి ఉన్న కొసను వదిలి ఇంకో కొసనుంచి పంపిస్తుంది. మత్తడి ఏ కొసన ఉందో టోపోషీటులో కొంత తెలుస్తుంది. మిగతాది ఊళ్ళో నీరటికి, అంటే చెరువు నీళ్ళు వదిలి పంచే మనిషికి, తెలుస్తుంది. నీరటి అనే వృత్తే తగ్గిపోతున్న రోజుల్లో ఆ ఒక్క సమాచారాన్ని, అంటే ప్రతి చెరువుకూ "దీని కింది చెరువు ఏది" అన్న ఒక్క కాలమ్‌ని నింపించుకోవడం మీద ఖర్చు పెట్టాలంటాను నేను. ఫోటోలు, డ్రోన్లు, త్రీడీ మోడళ్ళు తర్వాత చూసుకోవచ్చు. ఒక్కో చెరువుకు ఒక్క అంకె, నాలుగు బైట్లు. తెలంగాణ మొత్తానికి పావు మెగాబైటు.

ఆ కాలమ్ నింపడం మొదలుపెడితే ఇంకో చిక్కు ఎదురవుతుంది. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ గోదావరి నీళ్ళను మిట్ట దాటించి సూర్యాపేట దాకా, అంటే కృష్ణా పరీవాహకంలోకి తెస్తోంది. దేవాదుల ఎత్తిపోతల నీళ్ళతో చెరువులు నింపుతున్నారు. అలాంటి చెరువుకు నీళ్ళొచ్చేది గోదావరి నుంచి, మత్తడి దుంకితే పోయేది కృష్ణకు. ఫాఫ్‌స్టెట్టర్ కోడ్‌లో దీనికి చోటు లేదు. ఆయన పద్ధతిలో ప్రతి చుక్కకూ ఒకే దారి. అందుకని నేను రెండు కాలమ్‌లు పెడుతున్నాను. ఒకటి వాలు ప్రకారం కింది చెరువు, రెండోది కాలువ ప్రకారం నీళ్ళిచ్చే చోటు. వానాకాలం మ్యాపు మొదటి కాలమ్ ప్రకారం గుంపులు కడుతుంది, యాసంగి మ్యాపు రెండోదాని ప్రకారం. ఒకే చెరువు జూలైలో ఒక గుంపులో, జనవరిలో ఇంకో గుంపులో కనిపిస్తుంది. రెండు మ్యాపుల్లో ఒకే మండలానికి వేర్వేరు అంకెలొస్తున్నాయని ఇప్పటికే ఫిర్యాదులున్నాయి. వాటిని సరిచేసే ఉద్దేశం నాకు లేదు.